సాన్ సెర్వాన్ ముదుసళ్ళ యిల్లు

ఫ్రాన్సు దేశపటమును ముందుంచుకొని చూచినచో, వాయవ్యదిశను అట్లాంటిక్ మహాసముద్రములోనికి చొచ్చుకొనిపోయిన భూభాగమొకటి కానవచ్చును. బ్రెతాన్యు అని దానికి పేరు. యానాములో పుట్టి గోదావరి నీరు త్రాగి పెరిగి, 1962లో ఫ్రెంచి పౌరసత్వమును కోరుకొన్న కుటుంబముల వెంట ఈ దేశమునకు వచ్చి స్థిరపడినవారిలో నేనొకడను. నాకు అన్నము పెట్టిన సీమ ఈ బ్రెతాన్యు. మన తెలుగువారికి ఈ తీరము బొత్తిగా పరాయిది కాదు. 1746లో ఆంగ్లేయులనుండి మద్రాసును గైకొన్న లా బూర్దొనే ఇక్కడి సాన్ మాలో రేవుపట్టణమున జన్మించినవాడే. బంగాళాఖాతమున ఆంగ్లేయుల వర్తకనౌకలను వేటాడి పట్టుకొన్న సుర్కూఫ్ సైతము ఆ యూరివాడే. వీరి విగ్రహములు నేటికిని చెక్కు చెదరక నిలిచియున్నవి. చరిత్రపుస్తకములు వీరిని గురించి చెప్పవలసినదంతయు చెప్పినవి. ఆ నౌకలలో తెరచాపలు లాగి, త్రాళ్ళు పేని, తిరిగి రాకపోయినవారి భార్యలను గురించి మాత్రము అవి మౌనము వహించినవి. నేను మీకు విన్నవింపదలచినది ఆ స్త్రీల వార్ధక్యమును గూర్చిన కథ.

రాన్స్ అను నది సముద్రములో కలియుచోట, సాన్ మాలో కోటగోడలకు ఎదురుగా, సాన్ సెర్వాన్ అను చిన్న పట్టణము కలదు. 1967లో సాన్ మాలో పురములో కలిసిపోవువరకు అది తన పురపాలకము తనదిగా మెలగిన ఊరు. 1839 చలికాలమున ఆ యూరిలో ఒక పనిమనిషి, తాను బాడుగకుండిన గదులలోనికి కన్నులు కానరాని ముసలమ్మ నొకతెను తెచ్చిపెట్టుకొన్నది. ఆనాడు ఊరివారు సయితము పెద్దగా గమనింపని ఈ చిన్న సంఘటననుండి పుట్టిన వృద్ధాశ్రమములు నేడు సుమారు ముప్పది దేశములలో నున్నవి. మన సికింద్రాబాదులో కూడ ఒకటి యున్నది. అయితే ఈ కథ బోధపడవలెనన్న, ముందుగా ఈ దేశచరిత్రలోని ఒక ఘట్టమును తెలిసికొనక తప్పదు.

పూర్వకాలమున ఫ్రాన్సులో దిక్కులేని ముదుసళ్ళ పోషణము మఠముల పనిగా నుండెడిది. అది బహు చక్కగా జరిగినదని నేననను. మఠములలో కొన్ని మిక్కిలి ధనవంతములు. వాని ద్వారమున నిలిచిన పేదవానికి దక్కినది మాత్రము స్వల్పము. అయినను ఒక ద్వారము, ఆ ద్వారమున ఒక గంట, ఆ గంట మ్రోగించిన పలుకు మనిషి ఉండెను. 1789 విప్లవము ఆ వ్యవస్థను మూలముట్టుగ కదలించినది. ఆ యేటి నవంబరు 2వ తేదీన చర్చి ఆస్తులన్నియు జాతి పరమైనవి. 1790 ఫిబ్రవరిలో సన్న్యాసవ్రతములకు చట్టబద్ధత లేదని శాసించిరి. 1792 ఆగష్టు 18వ తేదీన రోగులకు పరిచర్య చేయు కన్యస్త్రీల సంఘములతో సహా సమస్త సంఘములను రద్దు గావించిరి. విప్లవనాయకుల సంకల్పమును నేను శంకింపను. పేదలకు సాయము చేయుట సమాజము తీర్చవలసిన పవిత్రమైన ఋణమని 1793 హక్కుల ప్రకటనలో వ్రాసినవారు వారే; అంత గొప్పమాట అంతకు మునుపు ఏ రాజును పలికియుండలేదు. కాని ఎడతెగని యుద్ధములు ఖజానాను మ్రింగివేసినవి. పాత దిక్కు పోయినది, క్రొత్త దిక్కు కాగితముమీదనే నిలిచిపోయినది. ఈ నడుమ రెండు తరముల పేదలు పుట్టి, ముదిసి, గిట్టిరి. నెపోలియన్ తిరిగి ఆస్పత్రులకు కన్యస్త్రీలను రానిచ్చెను గాని, 1808లో భిక్షాటనమును నిషేధించి, బిచ్చగాండ్రను నిర్బంధించుటకు ప్రతి మండలమున ఒక శాల నిర్మింపుడని ఆజ్ఞాపించెను. 1810 శిక్షాస్మృతిలో బిచ్చమెత్తుట నేరముగా చేరినది. ఆకలిగొన్నవాడు చేయిచాపుట నేరమైన దేశమున ముసలితనము ఎట్లుండెనో పాఠకులు ఊహించుకొనవచ్చును.

ఆ 1792వ సంవత్సరమునందే, కన్యస్త్రీల సంఘములు రద్దయిన రెండు మాసములకు, అక్టోబరు 25వ తేదీన, సాన్ మాలోకు తూర్పున కాంకాల్ అను పల్లెకారుల ఊరిలో ఝాన్ జుగాన్ జన్మించినది. ఆమెకు నాలుగేండ్ల ప్రాయమున, వేటకు పోయిన తండ్రి సముద్రములోనే కలిసిపోయెను. ఈ తీరమున అది అరుదైన విషయము కాదు. ఇక్కడి ఓడలు వసంతకాలమున తెరచాపలెత్తి, అట్లాంటిక్ దాటి, న్యూఫౌండ్‌లాండ్ చేరి, కాడ్ అను చేపను పట్టి, ఉప్పువేసి, శరత్కాలమునకు తిరిగివచ్చెడివి. బయలుదేరినవారందరును తిరిగి వచ్చెడివారు కారు. మగదిక్కు కోల్పోయిన స్త్రీలు వలలు అల్లుచు, పరుల యిండ్లలో బట్టలుతుకుచు, పోటు తీసిన వేళ బురదలో ఆల్చిప్పలేరుచు కాలము గడపిరి. ఒడలిలో సత్తువ యున్నంతవరకే ఆ జీవనము. ఝాన్ తల్లి అట్టి యిల్లాలే. ఊరిలోని భక్తురాండ్రు కొందరు రహస్యముగా చెప్పిన ప్రార్థనలతోపాటు నాలుగక్షరములు కూడ ఆ బాలికకు అబ్బినవి. పదునారవయేట ఆమె సమీపమున నున్న ఒక జమీందారు భవనమున వంటయింటి పనికి కుదిరినది. ఇరువదియైదవయేట సాన్ సెర్వాన్ చేరి, అచ్చటి ఆస్పత్రిలో ఆరేండ్లు పరిచర్య చేసి, ఒడలు చెడి, లెకోక్ అను ఒక సద్భక్తురాలి యింట పనిమనిషిగా ప్రవేశించినది. 1835లో ఆ యజమానురాలు కన్నుమూయునాటికి ఝానునకు నలుబదేండ్లు దాటియుండెను. పొదుపుచేసికొన్న సొమ్ము సుమారు 600 ఫ్రాంకులు. ఆ పైకముతో, తనకన్న చాల పెద్దదైన ఫ్రాన్స్వాజ్ ఒబేర్ అను స్నేహితురాలితో కలసి, ఒక యింటి మేడమీద రెండు గదులను, వాని పైన అటకను బాడుగకు తీసికొన్నది. పగలు ఇండ్లలో కూలిపని, సాయంకాలము రాట్నము, రాత్రి ప్రార్థన. వర్జినీ అను అనాథబాలిక కూడ వారి చెంత చేరినది. ఝాన్ జీవితము ఇంతటితో తెల్లవారినదనియే చూచినవారు అనుకొనియుందురు.

1839 చలికాలమున ఆన్ షొవాన్ అను వృద్ధవితంతువు సంగతి ఆమె చెవిని బడినది. కన్నులు లేవు, ఒడలు సగము చచ్చుబడినది, చూచుచుండిన తోబుట్టువు ఆస్పత్రి పాలైనది. ఝాన్ పోయి ఆమెను తన యింటికి తెచ్చినది. తెచ్చినదని ఒక్క ముక్కలో వ్రాసితిని గాని, ఆ తెచ్చుటయందే సర్వమును ఉన్నది. ఈ ప్రాంతపు పాతయిండ్ల మెట్లు నేను ఎక్కియెరుగుదును. రెండు రాతిగోడల నడుమ సుడి తిరుగుచు పోవు ఆ మెట్లమీద ఒక మనిషి భుజములు ఓరగిల్లనిదే సాగజాలవు. అరిగిన మెట్టు జారును. చలికాలమున మధ్యాహ్నమైనను చీకటిగానే యుండును. కాళ్ళాడని ముసలమ్మను ఇరువురు పట్టుకొని మోయుటకు అచ్చట తావు లేదు. నలుబదియేడేండ్ల ఆ పనిమనిషి ముసలమ్మను తన వీపున వేసికొని, గోడను తడుముకొనుచు ఆ మెట్లెక్కినది. పైకి చేర్చి, తన పడకమీద పరుండబెట్టి, తాను అటకపైకి పోయి పండుకొన్నది. మరికొన్నాళ్ళకు రెండవ ముసలమ్మ వచ్చినది. ఇసబెల్ కెరూ అను ఆమె ఒక సేవకురాలు. తన యజమానులు సర్వమును పోగొట్టుకొన్న తరువాత కూడ వారిని విడువక, తన సొమ్ముతో, పిమ్మట తన బిచ్చముతో వారిని పోషించి, వారు గతించిన వెనుక తానే దిక్కులేనిదైనది. అట్టి ప్రాణిని ఝాన్ కాక మరెవరు గుర్తింపగలరు? అంతలో వర్జినీకి పడక లేకపోయెను. ఆ బాలిక కూడ అటక ఎక్కినది.

1840 అక్టోబరులో ఝాన్, వర్జినీ, వర్జినీ స్నేహితురాలైన మరీ జామే అను యువతి, ఊరి చర్చిలో సహాయగురువుగా నున్న లె పాయ్యర్ అను యువకుని పెద్దరికమున ఒక చిన్న కూటమిగా ఏర్పడిరి. మరుసటి సంవత్సరము అటక చాలక, పూర్వము సారాయంగడిగా నుండిన ఒక నేలమాళిగవంటి పొడుగాటి గదిని తీసికొని పండ్రెండు పడకలు వేసిరి. అవియు నిండినవి. 1842లో విప్లవమునకు ముందు కన్యస్త్రీలుండిన ఒక పాడుపడిన మఠమును అప్పుచేసి కొనిరి. అప్పటికి ఝాన్ దాచుకొన్న 600 ఫ్రాంకులును ఎప్పుడో చెల్లిపోయినవి. మరి ఇందరికి రొట్టె ఎచ్చటిది?

ఇక్కడనే ఈ కథకు ప్రాణము. ఆ ముసలమ్మలు ఆశ్రమమునకు రాకమునుపు ఇండ్లవెంట తిరిగి యాచించి బ్రదికినవారు. వచ్చిన తరువాత కూడ కొందరు ఆ యలవాటు చొప్పున వెలుపలికి పోవుచుండిరి. చలిలో తిరిగి జబ్బు పడుచుండిరి. చేతబడిన కాసులతో త్రాగి వచ్చినవారును లేకపోలేదు. ఒక మఠసోదరుడు ఝానునకు చెప్పిన ఉపాయము ఇది: వారికి మారుగా నీవే పొమ్ము. అంతట ఆమె ఒక్కొక్క ముసలమ్మను కూర్చుండబెట్టి, నీకు ఎవరెవరు ఏమేమి యిచ్చుచుండిరని అడిగి తెలిసికొని, ఆ యిండ్లవారికి మునుపు మీ గుమ్మములో నిలిచిన ఫలానా ముసలమ్మ ఇక రాదు, ఆమెకిచ్చుదానిని నాకిమ్మని చెప్పుకొన్నది. అనగా ఆమె క్రొత్తగా ఎవరినుండియు ఏదియు కోరలేదు. ఊరు తన ముదుసళ్ళకు అదివరకే ఈయదలచిన దానిని వారి యిల్లు చేర్చినది, అంతే. రాగికాసులు, మిగిలిన రొట్టెముక్కలు, చారు, పాతబట్ట, పొయ్యిలోనికి కట్టెలు, బంగాళాదుంపలు, ఆమె చేతిబుట్టలో పడనిది లేదు. కష్టించి తినుటయే గౌరవమని నమ్మిన బ్రెతోన్ పల్లెవాసురాలు. ఏనాడును ఎవరియెదుట చేయి చాపి యెరుగదు. సిగ్గును చంపుకొనుటకు ఆమె ఎంత పెనగులాడెనో తరువాతి కాలమున తనవద్ద నేర్చుకొనవచ్చిన పడుచులతో చెప్పెడిదట. ఒకమారు ఒక పెద్దమనిషి కోపముతో ఆమె చెంప ఛెళ్ళుమనిపించెననియు, ఇది నాకు, ఇక నా పేదలకేమైన దయచేయుడని ఆమె శాంతముగా అడిగెననియు ఇచ్చటి వారందరును చెప్పుకొందురు.

దీనిని వినినప్పుడు మన గోదావరిసీమలో, లంకల గన్నవరమున, ఆకలియని వచ్చినవానికి వేళ కాని వేళ విస్తరి వేసిన డొక్కా సీతమ్మగారు నా మనస్సున మెదలుదురు. ఝాన్ పరమపదించునాటికి సీతమ్మగారికి ముప్పదియేడేండ్లు. ఇరువురిలో దయ ఒక్కటియే, దారులు వేరు. సీతమ్మగారికి ఇల్లు, పొలము, ధాన్యపుగాదె కలవు. ఆ మహాతల్లి తనకున్నదానిని పెట్టినది. ఝానునకు ఏమియు లేదు. తన మానమును పణముగా ఒడ్డి, జోలెపట్టి, ఇతరులచేత పెట్టించినది. పెట్టువాడు ఒక్కడైన, ఆ ఒక్కనితో ధర్మము ముగియవచ్చును. ఊరంతయు పిడికెడేసి పెట్టినచో ఆ ముదుసళ్ళు ఊరందరివారగుదురు. ఝాన్ నిత్యము తట్టిన తలుపులు, ఆ లోపలివారికి వృద్ధులను మరచిపోవుటకు ఎడమీయలేదు.

ఇంతవరకు వెలుగు, ఇక చీకటి. 1842 మే నెలలో ఆ కూటమివారు ఝానును తమ పెద్దగా ఎన్నుకొనిరి. 1843 డిసెంబరు 8వ తేదీన రెండవమారు ఆమెనే ఎన్నుకొనిరి. పదునైదు దినములకే లె పాయ్యర్ గురువు ఆ యెన్నిక చెల్లదని ప్రకటించి, తన ఆజ్ఞకు లోబడి యుండు మరీ జామేను పెద్దగా నియమించెను. ఆమె వయస్సు 23 సంవత్సరములు. ఝాన్ మారుమాటాడక జోలె తీసికొని యూరిమీదికి పోయినది. ఆ మౌనమును పొగడువారు పెక్కుమంది; నేనును ఆమె సహనమునకు నమస్కరింతును; కాని ఆ గురువు చేసినది అన్యాయమనియు, దానిని దైవసంకల్పమని సమర్థించుట పాపమనియు నా నిశ్చితాభిప్రాయము. విచిత్రమేమనగా, లోకము ఆమెనే ఎరుగును. ఊరి పెద్దలు సంతకములు చేసి పంపిన విజ్ఞప్తిని పరిశీలించి, 1845 డిసెంబరులో ఫ్రెంచి అకాడమీ వారు పేదల సద్గుణములకై యేర్పరచిన మొంతియోన్ బహుమానమును, 3,000 ఫ్రాంకులను, ఝాన్ జుగానునకే ప్రకటించిరి. పదవినుండి తొలగించిన గురువే ఆ కీర్తిని వాడుకొనెను: 1846లో రెన్ నగరమున, దినాన్ పట్టణమున, పిమ్మట తూర్, ఆంజే నగరములలో క్రొత్త ఆశ్రమములు తెరచునపుడు, అప్పులు మీదబడినపుడు, ఝానునే అచ్చటికి పంపి యాచింపజేసెను. ఆంజేలో వెన్న నిండుకొన్నదని సోదరీమణులు విచారించుచుండగా, ఖాళీకుండలన్నియు తెచ్చి పునీతుడైన జోజప్పగారి స్వరూపము ముందు వరుసగా పెట్టుడని ఆమె చెప్పినదట. ఆ కుండలను చూచిన దాతకు వేరుగా వివరింప నక్కరలేకపోయినది. నేటికిని ఈ సంఘపు వంటయిండ్లలో ఏ వస్తువు కొరవడిన దాని మచ్చును ఆ స్వరూపము పాదములచెంత ఉంచు ఆచారము కలదు.

1852లో, సంఘము నలుదెసల వ్యాపించుచుండగా, లె పాయ్యర్ ఆమెకు ఆ జోలెపని సయితము లేకుండ జేసి, రెన్ నగరములోని ప్రధానమఠమునకు రప్పించెను. దాతలతో సంబంధము తెగినది. 1856లో ప్రధానమఠము సాన్ పెర్న్ అను పల్లెకు తరలినది. ఆమెయు దానితో తరలినది. తుదిశ్వాస వరకు, అనగా మొత్తము ఇరువదియేడేండ్లు, నూతనముగా చేరిన కన్యలమధ్య, మేరీ ఆఫ్ ది క్రాస్ అను మఠనామముతో, చేతికఱ్ఱ ఊనుకొని తిరుగు ఒక ముసలి సోదరిగా జీవించినది. సంఘమును తానే స్థాపించితినని గురువు వ్రాయించిన కథనే ఆ కన్యలకు బోధించుచుండిరి. తమ ప్రక్కన బఠాణీలు ఒలుచుచు కూర్చున్న ఆమెయే మొదటి సోదరియని వారిలో చాలమందికి తెలియదు.

అయినను ఒక్కమారు ఆమె మాట చెల్లినది. 1865లో ఒక దాత సంఘమునకు శాశ్వతాదాయము వచ్చు ఆస్తిని ఈయ వచ్చెను. స్వీకరించిన ప్రతి సంవత్సరము ఇంత యని స్థిరముగా సొమ్ము చేరును. చలిలో తలుపులు తట్టు బాధ తగ్గును. ఆలోచనాసభలో పెద్దలు తర్జనభర్జనలు పడి, ఏమి తోచినదో ఏమో, ఝానును లోనికి పిలిచి అడిగిరి. చదువురాని నన్నేమడుగుదురని ఆమె మొదట వెనుదీసినది. బలవంతపెట్టగా, స్థిరాదాయము వలదు, దైవముమీదను ప్రజల దయమీదను ఆధారపడియే యుండవలెనని చెప్పినది. సభ ఆ మాటకే కట్టుబడినది. నాటినుండి నేటివరకు ఈ సంఘము స్థిరాదాయమునిచ్చు నిధులను స్వీకరింపదు. వ్యవహారజ్ఞానము కలవారు దీనిని మూర్ఖత్వమనవచ్చును. నాకు మాత్రము, ఈ సంఘచరిత్రలో ఇంతకు మించిన వివేకము కానరాదు. నిధి యుండిన ఆశ్రమమునకు ఊరితో పనిలేదు. ఊరితో పనిలేని ఆశ్రమమున ముదుసళ్ళు పదిలముగా నుందురు గాని, మరపునబడుదురు. విప్లవమునకు పూర్వపు ధనికమఠములకు పట్టిన గతిని బాల్యమెల్ల విని పెరిగిన స్త్రీకి ఆమాత్రము తోపకుండునా?

1879 ఆగష్టు 29వ తేదీన, ఎనుబదియారేండ్ల వయసున, ఆమె కన్నుమూసినది. అప్పటికి సంఘమున సుమారు 2,400 మంది సోదరీమణులుండిరి. ఆ యేడే పోపు పదమూడవ లియోగారు వారి నియమావళిని ఆమోదించిరి. 1890లో లె పాయ్యర్ గురువును రోమునకు పిలిపించి, అధికారమునుండి తొలగించి, ఒక మఠమున శేషజీవితము గడపుమని ఆదేశించిరి. నిజము మెల్లమెల్లగా బయటపడినది. 1982లో ఝానును ధన్యురాలిగా, 2009 అక్టోబరు 11వ తేదీన పునీతురాలిగా ప్రకటించిరి. న్యాయము జరుగుటకు నూటికి పైగా సంవత్సరములు పట్టినది.

ఇక ప్రభుత్వపు సంగతి. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఫ్రెంచి గణతంత్రమునకును చర్చికిని ఘోరమైన వైరము ప్రబలినది. 1901 చట్టము ప్రకారము అనుమతిలేని మఠసంఘములు మనజాలవు. 1904 చట్టము మఠవాసులు పాఠశాలలలో బోధించుటను నిషేధించినది. వేలాదిమంది కన్యస్త్రీలు దేశము విడిచిపోయిరి. 1902లో ఈ బ్రెతాన్యులోనే, తమ పిల్లలకు చదువుచెప్పు సోదరీమణులను వెళ్ళగొట్టవచ్చిన సైనికులకు పల్లెజనము అడ్డుగా నిలిచిరి. పేదల చిన్న సోదరీమణులు అను పేరుగల ఝాన్ సంఘమువారికి మాత్రము ఈ ముప్పు తప్పినది. 1856లోనే వారి సంఘమునకు చక్రవర్తి మూడవ నెపోలియన్ ప్రభుత్వపు గుర్తింపు లభించియుండుట ఒక కారణము. ఇంకొక కారణము చట్టములలో వ్రాయబడదు: వారిని వెళ్ళగొట్టినచో ఆ వృద్ధులను ఎవరు చూతురు? అదే కాలమున గణతంత్రము తన పూర్వపు ఋణమును గుర్తు తెచ్చుకొన్నది. 1905 జులై 14వ తేదీ చట్టము డెబ్బదియేండ్లు నిండిన నిరుపేదలకు ప్రభుత్వ సాహాయ్యమును హక్కుగా జేసినది. 1910లో కార్మికులకు, కృషీవలులకు పింఛను. 1945లో సాంఘిక భద్రతావ్యవస్థ. 1793లో పలికిన మాట నెరవేరుటకు ఒకటిన్నర శతాబ్దము పట్టినదన్నమాట. నేనీ దేశపు పౌరుడనై ఆ భద్రత నీడన బ్రదుకుచున్నవాడను. దానిని చులకన చేసి మాటలాడను. పింఛను ముసలివానికి గౌరవమునిచ్చును, ఎవరి దయయు కోరని స్వాతంత్ర్యమునిచ్చును.

అయితే పింఛను పలుకరింపదు. 2003 ఆగష్టులో ఐరోపాను వేడిగాలులు ముట్టడించినపుడు, ఒక్క ఫ్రాన్సులోనే సుమారు పదునైదు వేలమంది, అందును ఎక్కువగా వృద్ధులు, ప్రాణములు కోల్పోయిరి. అది సెలవుల మాసము. బిడ్డలు సముద్రతీరములకు పోయియుండిరి. చనిపోయినవారిలో అధికులకు పింఛను కలదు, వైద్యబీమా కలదు. తలుపు తట్టి మంచినీళ్ళు త్రాగితివా యని అడుగువారు కరవైరి. అడిగి తీసికొనిపోవు బంధువులు రాక, పారిస్ నగరమున కొన్ని దేహములను ప్రభుత్వమే సమాధి చేయవలసివచ్చినది. ఆ వేసవి ఈ దేశము తలవంచుకొన్నది.

ఇప్పటికిని బ్రెతాన్యు సంతలలో ఈ సోదరీమణులు అగుపడుచుందురు. తెల్లవారుజామున చిన్న వ్యానును ఒక ప్రక్క నిలిపి, ఇరువురు జతగా దుకాణము వెంట దుకాణమునకు పోవుదురు. ఒక ఉదయమున నేను చూచుచుండగా, కూరగాయలమ్ము ఒక వృద్ధుడు వారిని చూడగనే, అడుగక మునుపే, బల్లక్రింద నుంచి సిద్ధముగా ఉంచిన ఒక పెట్టె పైకి తీసెను. అందులో పైఆకులు కొంచెము వాడిన కాలీఫ్లవరులు, గుప్పెడు లీక్ కాడలు. అతడు పెట్టెను ఈయక పట్టుకొని, తాను ఎరిగిన ఒక ముసలివాని పేరు చెప్పి, ఎట్లున్నాడని అడిగెను. దగ్గు తగ్గినది, నిన్న చీట్లపేకలో గెలిచినాడని సోదరి చెప్పిన పిమ్మటనే పెట్టె చేతులు మారినది. ఆ ఆశ్రమములలో మతభేదము పాటింపరు. పేదయైన వృద్ధుడైన చాలును. ముందు వృద్ధులకు వడ్డించి, ఆ పిమ్మట సోదరీమణులు భుజించుట మొదటినుండి వచ్చుచున్న ఆచారము. సన్న్యాసినులకు సహజమైన మూడు వ్రతములతోపాటు, అతిథిసేవ యను నాల్గవ వ్రతమును వీరు పట్టుదురు. మరణాసన్నుల పడకచెంత రాత్రింబగళ్ళు వంతులువేసికొని ఎవరో ఒకరు కూర్చుందురు. ఒంటరిగా ఎవరిని పోనీయరు.

అయినను దాచనేల, ఫ్రాన్సులో ఈ సంఘము తరుగుచున్నది. వ్రతము పట్టు యువతులు లేరు. మిగిలిన సోదరీమణులే ముదుసళ్ళగుచున్నారు. ఒక్కొక్క ఆశ్రమము మూతపడుచున్నది, లేదా పరులచేతులలోనికి పోవుచున్నది. వృద్ధుల పోషణము ఇక్కడ ఒక పెద్ద వ్యాపారమైనది. మంచి భవనములు, మంచి పరికరములు, శిక్షణ పొందిన సిబ్బంది కలరు. వారిలో దయగలవారిని పెక్కుమందిని నేనెరుగుదును. కాని నెలకింత యని బిడ్డలు రొక్కము చెల్లించినచోట, సంతలోని కూరలవాడు ముసలివాని దగ్గును గూర్చి అడుగడు.

మన దేశమున నేడు ఏ యూర చూచినను వృద్ధాశ్రమముల పలకలు కనిపించుచున్నవి. బిడ్డలు దేశాంతరములలో నుండగా తలిదండ్రులు ఒంటరివారైన ఇండ్లు గోదావరి లంకలలో సయితము కలవు. అట్టి బిడ్డలలో నేనొకడనైతిని గనుక ఎవరిని తప్పుపట్టు అధికారము నాకు లేదు. అయితే ఒక మనవి. సికింద్రాబాదులో లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అను పేరుతో నున్నది ఈ సాన్ సెర్వాన్ సంఘమువారి ఆశ్రమమే. ఆ దారిన పోవు పాఠకులు ఒక పూట లోనికి పోయి, రొక్కము ఈయగలిగిన ఈయుడు, లేకున్న బియ్యమో కూరలో ఈయుడు; ఈయకముందు లోపలి ముదుసళ్ళలో ఒకరి పేరు అడిగి తెలిసికొనుడు, మరుసటిమారు పోయినపుడు ఆ పేరుతోనే పలుకరింపుడు.